ఉద్వాసన చెప్పని డిస్కు

స్వరూపరాణి ఇప్పుడు మీర్‌పేట్‌లో జిరాక్స్ షాపు నడుపుతోంది. షాపులో కంప్యూటర్ మొరాయిస్తే బయటినుంచి మనిషిని పిలిపిస్తుంది. ఆ వచ్చినవాడు "మీకు రాదా మేడమ్?" అని అడిగితే "నాకేం తెల్వది" అంటుంది. అంత పచ్చి అబద్ధం నేనింకెక్కడా వినలేదు. విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. కానీ ఆ మాట ఎందుకంటోందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నా జిరాక్సులు నేను తీసుకుని వచ్చేస్తాను.

ఉద్యమం రోజుల్లో మేమిద్దరం దిల్‌సుఖ్‌నగర్‌లో విశ్వేశ్వరరావు గారి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసేవాళ్లం. నేను జావా చెప్పేవాణ్ణి. మాది గుంటూరు వైపు, ఆయనదీ అటే. ఏ ఎండకా గొడుగు పట్టడంలో ఆయన్ను మించినవాళ్లు లేరు. ఊరేగింపులు ఎక్కువవగానే మా బోర్డు మీద "జై తెలంగాణ" అని పెద్ద అక్షరాలతో రాయించారు. అద్దాల గదిలో తలుపేసుకుని మాత్రం, రాష్ట్రం విడిపోతే అడ్మిషన్లు ఏమవుతాయోనని తల పట్టుకునేవారు. ఆ బోర్డు పుణ్యమా అని మా అద్దాలు ఒక్కటీ పగల్లేదు, అది వేరే సంగతి.

స్వరూపరాణి మా ల్యాబ్ చూసుకునేది. పెద్ద అంబర్‌పేట్ అమ్మాయి, బీకాం చదివి తర్వాత ఈ పనిలోకి వచ్చింది. మా దగ్గర ఒక తలనొప్పి ఉండేది. ఉద్యోగాలిచ్చే కంపెనీలవాళ్లు మా పిల్లల్ని "నువ్వు రాసిన కోడ్ చూపించు" అనేవాళ్లు. పిల్లలు ల్యాబ్‌లో రాస్తారు, బ్యాచ్ అయిపోగానే మేం ఆ కంప్యూటర్లన్నీ తుడిచేస్తాం. ఇక చూపించేదేముంది? అప్పుడు స్వరూపరాణి మూలన పడేసిన పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి, ఊరికే దొరికే ఓపెన్ సోర్స్ ప్లాట్‌ఫామ్ ఒకటి అందులో ఎక్కించింది. పిల్లలు రాసిన ప్రోగ్రాములన్నీ అందులో ఉంటాయి. ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో గుర్తు ఉంటుంది. మార్పును అందులో భద్రంగా దాచిన ప్రతిసారీ ఏం చేశామో ఒక వాక్యం రాయాలి, కింద రాసినవాళ్ల పేరు దానంతటదే పడుతుంది.

అలాంటిదాన్ని నడపడమంటే ఇంట్లో వంట చేయడమే. బాగా వండినన్నాళ్లూ ఎవరూ ఏమీ అనరు, ఒక్కపూట ఉప్పెక్కువైతే అందరికీ నోళ్లు లేస్తాయి. పైగా ఆ ప్లాట్‌ఫామ్ చేసేవాళ్లకు ఊరుకునే అలవాటు లేదు. అస్తమానం కొత్త వెర్షన్ అంటారు. పాతదాంట్లో కన్నాలున్నాయి, వెంటనే మారండి అంటారు. మారబోతే ఏదో ఒకటి విరుగుతుంది. అందుకని స్వరూపరాణి ఆ పని బంద్ రోజులకు పెట్టుకునేది. ఆ ఏడాది బంద్‌లకు కరువు లేదు. ఊరంతా ఎక్కడిదక్కడ ఆగిపోతే ఆ అమ్మాయి మాత్రం ల్యాబ్ తాళం తీసుకుని వచ్చేది.

ముత్తమ్మ మా ఆయా. సరూర్‌నగర్‌లో చెరువు వెనక ఒక్క గది కిరాయికి తీసుకుని కొడుకుతో ఉండేది. మొగుడు ఎప్పుడో పోయాడు. ఆ కొడుకు పేరు రంజిత్. విశ్వేశ్వరరావు సార్ వాడికి ఊరికే సీటిచ్చారు, ఆయన చేసిన మంచి పనుల్లో అదొకటి. వాడు ఏ బస్సు ఎక్కడికెళుతుందో చెప్పే ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు. మార్పు దాచినప్పుడు మిగతా పిల్లలు "సరిచేశాను" అనో "అయిపోయింది" అనో రాసి ఊరుకునేవాళ్లు. వీడు ఇంగ్లీషు అక్షరాల్లో తన తెలుగు మొత్తం రాసేవాడు. "ఇయ్యాల బంద్. ఎల్బీనగర్ కాడికెల్లి నడిచొచ్చిన. పేజీ మంచిగొచ్చింది." ఇంకోచోట, "బస్సులే లేవు, నేను బస్సుల లిస్టు జేస్తున్న." ఒకసారి, "ఆకలైతుంది. అవ్వ ఊడ్సుడు అయినంక ఇంటికి పోత." అవ్వ అంటే వాళ్ల మాటలో అమ్మే. చదివి నేను పడీపడీ నవ్వాను.

ఆ వానాకాలం వాడికి డెంగీ జ్వరం వచ్చింది. దవాఖానలో వేసేసరికే ఆలస్యమైంది. పోయాడు. నాకు ఇంతకంటే ఎక్కువ చెప్పబుద్ధి కాదు.

ముత్తమ్మ మళ్లీ పనిలోకి వచ్చాక, ఒకరోజు స్వరూపరాణి ఉండబట్టలేక ఆమెను తెర ముందు కూర్చోబెట్టి వాడు రాసిన వాక్యాలు చదివి వినిపించింది. ముత్తమ్మకు చదువు రాదు. చీపురు ఒళ్లో పెట్టుకుని విన్నది. అప్పటినుంచి శనివారం ఊడ్చడం అయిపోగానే వచ్చి కూర్చునేది. "జర మావోనియి సదువు బిడ్డ" అనేది. చదివాక ప్రతిసారీ "కింద పేరు గూడ సదువు" అనేది. స్వరూపరాణి "రంజిత్" అని చదివితే లేచి వెళ్లిపోయేది. ఆమెకు ఆ వారమంతటికీ అదొక్కటే తిండి.

ఒకసారి కరెంటు పోయి తెర నల్లబడింది. ముత్తమ్మ లేచి నిలబడింది. "పోయినయా బిడ్డ?"

"ఏడికి పోతయి అవ్వా? గీ పెద్ద డబ్బల పోయినా, గిండ్ల ఇంకొకటి ఉంటది" అని స్వరూపరాణి తాను కాపీలు తీసే నల్లటి హార్డ్ డిస్కు చూపించింది. ధైర్యం చెప్పాలని చెప్పింది, అందులో తప్పేముంది? ముత్తమ్మ ఆ డిస్కును రెండు చేతుల్తో పట్టుకుని కళ్లకద్దుకుని ఇచ్చింది.

ఆ తర్వాత సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, స్కూళ్లు మూతపడ్డాయి. బొగ్గు లేక కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. దసరా దాని మధ్యలోనే పడింది. పండగ అయ్యాక ఒక కంపెనీ మా పిల్లల కోడ్ చూడ్డానికి రావాలి. ఈలోగా కొత్త వెర్షన్‌కు మార్చేయమని సార్ తొందరపెట్టారు. స్వరూపరాణి దసరా పొద్దున్నే షేర్ ఆటోలు మారి మారి వచ్చింది. పద్ధతిగా ముందు డిస్కులోకి కాపీ తీసింది. డిస్కు ఊడదీసి బల్ల మీద పెట్టి పని మొదలుపెట్టింది. ఆ వెర్షన్‌లో ప్రాజెక్టులన్నీ పాతచోటునుంచి, రాసినవాళ్ల పేర్లతో ఉండే కొత్తచోట్లకు మారతాయి. ఆ మారడం మధ్యలో ఆపకూడదు.

అదే పొద్దున ముత్తమ్మ ముందు గదిలో ఆయుధపూజకు పీట వేసింది. కంప్యూటర్లకు పసుపు కుంకుమలు పెట్టడం, బంతిపూల దండలు వేయడం ప్రతి ఏడూ ఆమె పనే. పీట మీద స్క్రూడ్రైవర్లు, తాళాలు, పుస్తకాలు పెట్టింది. ల్యాబ్‌లోకి వచ్చి, బల్ల మీది డిస్కును కూడా తీసుకెళ్లి వాటి మధ్యలో పెట్టింది.

స్వరూపరాణి మంచినీళ్లకని బయటికొచ్చి చూసింది. పూల మధ్య డిస్కు.

"అవ్వా, గది నాకు గావాలె."

"పూజల వెట్టిన బిడ్డ. రేపు పొద్దుగాల ఉద్వాసన జెప్పేదాక కదపద్దు. అండ్ల మావోడున్నడు గద, పండుగ పూట ఆనికి గూడ పూజ గావాలె."

దానికి ఎవరైనా ఏమంటారు? పీట మీద పెట్టినదాన్ని మధ్యలో లేపేవాళ్లు మన ఇళ్లల్లో ఉన్నారా? పుస్తకం పూజలో పెడితే ఆ పూట చదువుకోం, కత్తిపీట పెడితే కూరగాయలు తరగం. స్వరూపరాణి కూడా అందరిలాంటిదే. కాపీ దేవుడి దగ్గరుంది, ఇంకేం భయం అనుకుని లోపలికి పోయింది. తను వెళ్లాక ఏం జరిగిందో ఆమెకూ నాకూ మర్నాడుగానీ తెలియలేదు. ముత్తమ్మ కొబ్బరికాయ కొట్టింది. మిగతా సామానుకు ఆ నీళ్లు వేలితో చిలకరించింది. కొడుకు డిస్కుకు మాత్రం చిప్పెడు నీళ్లూ పోసి అభిషేకం చేసింది.

పని సగంలో ఉండగా కరెంటు పోయింది. ఇన్వర్టర్ కాసేపు కూసింది. వారమంతా కోతలే, అందులో చార్జింగ్ ఎక్కడిది? అది కూడా ఆగింది. మధ్యాహ్నం కరెంటు వచ్చాక చూస్తే పాతచోట ప్రాజెక్టుల్లేవు. కొత్తచోట పేర్లున్నాయి కానీ లోపల ఏమీ లేదు. ఇప్పటి బ్యాచ్ పిల్లలవి ల్యాబ్ కంప్యూటర్లలో ఇంకా ఉన్నాయి, మళ్లీ ఎక్కించుకోవచ్చు. రంజిత్‌వి మాత్రం ఎక్కడా లేవు. వాడు కూర్చున్న కంప్యూటర్ ఎప్పుడో తుడిచేశాం.

స్వరూపరాణి కంగారు పడలేదు. డిస్కు ఉంది. పీట దాకా వెళ్లి, నిలబడి, ముట్టుకోకుండా తిరిగొచ్చింది. తెల్లారేదాకా ఆగితే పోయేదేముంది అనుకుంది. అప్పుడే తీసి ఆరబెట్టి ఉంటే దక్కేదేమో. ఆ "ఏమో" నన్ను ఇప్పటికీ పీక్కుతింటుంది.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ముత్తమ్మ ఉద్వాసన చెప్పి, పూలు తీసి, వీధి ఊడ్వడానికి కిందికి దిగింది. స్వరూపరాణి డిస్కు తీసుకుంది. కుంకుమ అంటుకుని జిగటగా ఉంది. ఓణీ కొంగుతో తుడిచి కంప్యూటర్‌కు తగిలించింది. లోపల ఏదో గీరినట్టు చప్పుడైంది. ఊడదీసి మళ్లీ తగిలించింది. మళ్లీ తీసింది, మళ్లీ పెట్టింది. అప్పుడు డిస్కును చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. కింది సందులోంచి ఒక చుక్క జారి ఆమె మణికట్టు మీద పడింది. వాసన చూసింది. నా వైపు చూసిన ఆ చూపు నేను మర్చిపోలేను.

సికింద్రాబాద్‌లో ఇలాంటివి బాగుచేసేవాళ్ల దగ్గరికి ఇద్దరం వెళ్లాం. అతను విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. తడి మీదే తిప్పారు, లోపల రాతలుండే పళ్లెం అంతా గీసుకుపోయింది, ఇందులోంచి దేవుడు కూడా ఏమీ తీయలేడు అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. వచ్చే దారిలో స్వరూపరాణి ఏడవలేదు. చైతన్యపురి దగ్గర ఊరేగింపు పోతుంటే ఆటో ఆగింది. అప్పుడంది.

"సారూ, ఆమెకు జెప్పకుండ్రి. కొడుకు పోయిండంటే ఎట్లనో ఓర్సుకున్నది. గిది తన చేతులకెల్లి పోయిందని తెలిస్తే బత్కది."

"మరి ఏం చెబుతావు?"

"నేనే పోగొట్టిన అంట."

నేను వద్దన్నాను. మరమ్మతుల్లో ఉందని ఏదో ఒకటి చెప్పి నెట్టుకురమ్మన్నాను. "ప్రతి శనివారం అడుగుతది సారూ. ప్రతి శనివారం ఏం జెప్పాలె?" అంది.

విశ్వేశ్వరరావు గారు కేకలేశారు. "ఇంత తెలిసినదానివి, కాపీ తీసుకోకుండా మొదలుపెడతావా అమ్మా?" అన్నారు. స్వరూపరాణి "తీస్కోలే సార్" అంది. నాకు నిజం నోటిదాకా వచ్చింది. ముత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, అందుకని మింగేశాను. సార్ వెళ్లిపోయాక ముత్తమ్మ దగ్గరికొచ్చింది.

"మావోనియి గూడ పోయినయా?"

"పోయినయి అవ్వా. నాది తప్పు."

ముత్తమ్మ "నిన్ను నమ్మితి గదనే పిల్లా" అంది. అంతవరకూ ఎప్పుడూ "బిడ్డ" తప్ప ఇంకోమాట అనలేదు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తింది. "గా నల్ల డబ్బల ఇంకొకటి ఉన్నదంటివి?"

స్వరూపరాణి సంచిలోంచి డిస్కు తీసి ఆమె చేతిలో పెట్టింది. "అండ్ల ఉన్నయి అవ్వా. గని దాన్ని సదివే మిషిని గిప్పుడు లేదు. నీ తాననే ఉంచుకో, పైలం" అంది. ఆ నెలాఖరుకు ఉద్యోగం మానేసింది. మానేసింది అనడం మర్యాద. సార్ పొమ్మన్నారు. ఆ పాత కంప్యూటర్ తీసి పాతసామాన్లవాడికి వేశారు. ప్లాట్‌ఫామూ లేదు, దాన్ని నడిపే మనిషీ లేదు. పండగయ్యాక వచ్చి వెళ్లిన కంపెనీ ఇంకెప్పుడూ రాలేదు.

మరుసటి ఏడు దసరానాడు జమ్మి ఇచ్చి రావడానికి సరూర్‌నగర్ వెళ్లాను. నేను కోస్తావాణ్ణే అయినా జమ్మి చేతిలో పెట్టి బంగారం అనుకునే ఈ అలవాటు నాకు నచ్చింది. ముత్తమ్మ గదిలో దేవుడి పటాల ముందు పీట మీద ఆ డిస్కు ఉంది. పసుపు రాసి, బొట్టు పెట్టి, చిన్న దండ వేసింది. నేను కూర్చున్నాక కొబ్బరికాయ కొట్టి, ఒక చిప్పలోని నీళ్లు దాని మీద నెమ్మదిగా పోసింది.

"మావోని రాతలన్నీ గిండ్లనే ఉన్నయి సారూ. పెద్ద డబ్బలయి ఆ పిల్ల పోగొట్టింది. ఆ పిల్లకు శ్రద్ధ లేకుండె. గిది మాత్రం నేను పైలంగ సూస్కుంటున్న."

స్వరూపరాణి గురించి ఒక్క మంచి మాట చెప్పాలని నోరు తెరిచాను. ఏ మాట చెప్పబోయినా అది ఈ కొబ్బరినీళ్ల దగ్గరికే వచ్చి ఆగుతుంది. ముత్తమ్మ నా సంచి వైపు చూసింది. అందులో ల్యాప్‌టాప్ ఉంది.

"సారూ, మీరు కంప్యూటర్ సారు గద. దీన్ని మీ దానికి వెట్టి ఒక్కటన్న సదువుండ్రి. గా ఆకలైతుంది అని రాసిండు సూడుండ్రి, గది. కింద పేరు గూడ."

"పూజలో పెట్టావు కదమ్మా" అన్నాను. "ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు కదా."

ఆమె పీట వైపు చూసింది.

"అవ్ సారూ, గదీ నిజమే" అంది. రెండో చిప్పలోని నీళ్లు కూడా దాని మీద పోసి దండం పెట్టుకుంది.