రాగుల ధర మైనస్ రెండు

గోరంట్ల దగ్గర మా ఊళ్లో ఒకటే అంగడి. అంగడాయన సరుకులు కట్టి, నోటిలెక్క వేసి, మొత్తం మాత్రమే చెప్పేవాడు. దేనికెంతని విడిగా అడిగితే ఆయనకు ముక్కు మీద కోపం. అమ్మ అడిగేది కాదు. నాకు మాత్రం ఎవరైనా ఏదైనా చెప్పలేదంటే అది తెలుసుకునేదాకా అన్నం సహించదు.

అందుకే తొమ్మిదో తరగతిలో అయ్యవారు సమీకరణాలు మొదలుపెట్టిన రోజు నాకు పండగే. తెలియని ధరలు రెండున్నా, వాటికి చెరొక అక్షరం పెట్టి రెండు లెక్కలు రాస్తే చాలట, రెండూ బయటపడతాయట. ఒక లెక్క మా ఇంట్లోనే ఉంది. అమ్మ నాలుగు కిలోల రాగులు, రెండు కిలోల కందిపప్పు ఇరవై రూపాయలకు తెచ్చింది. రెండో లెక్క కోసం పక్కింటికి పోయాను. ఆ ఇంటామెను అత్తా అని పిలిచేదాన్ని. వాళ్లు మాకంటే పెద్ద రైతులు, మునుపు ఇంటి నిండా కూలీలను పెట్టుకున్నవాళ్లు. ఆ ఏడు వానల్లేక వాళ్ల వేరుశనగా ఎండింది, మాదీ ఎండింది.

అత్త కూడా ఆ రోజే నాలుగు కిలోల రాగులు, ఒక కిలో పప్పు తెచ్చుకుంది.

"ఎంతిచ్చినావత్తా?"

"ఆరు రూపాయలు" అంది, రాగులు చెరుగుతూ.

మా అరుగు బండ మీద సుద్దముక్కతో లెక్క వేశాను. రాగులు రెండిళ్లకూ సమానమే కాబట్టి తేడా అంతా ఒక కిలో పప్పుది. పద్నాలుగు రూపాయలు! అంత ఖరీదైన పప్పు మా నాయన తన పెళ్లిలో కూడా తిని ఉండడు. సరే కానిమ్మని రాగుల ధర కట్టాను. మైనస్ రెండు వచ్చింది. మళ్లీ కట్టినా అంతే. నాకు భలే ముచ్చటేసింది.

"అమ్మా, రాగులు తీసుకుంటే అంగడాయనే మనకు దుడ్లియ్యాలంట!"

అమ్మ వచ్చి చూసింది. ఆమెకు సమీకరణం తెలియదు గానీ ఇరవైకీ ఆరుకీ తేడా బాగా తెలుసు. "ఒక కిలో పప్పుకు ఇంత తేడా యాడన్నా ఉండాదా? వదినకొక ధర, నాకొక ధరా? వాని అంగడి ముందరే కడిగేస్తా" అని కొంగు దోపుకుని మెట్టు దిగింది.

అత్త చేట పడేసి పరిగెత్తుకొచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. "పోవద్దు వదినా. నువ్వు ఆడ అరిస్తే మా ఇంటాయనకు తెలుస్తాది."

"ఏం తెలుస్తాది?"

"అంగడి వెనక దొడ్లో చింతపండు కొట్టి గింజ తీస్తాండా. ఆ కూలి ఎనిమిది రూపాయలు సరుకుల్లో పట్టుకున్నాడు. తెలిస్తే ఆయప్ప నలుగురిలో తలెత్తుకోలేడు."

అప్పుడు చూశాను, అత్త గోళ్ల చుట్టూ నల్లగా మరకలు. నాకు భయమేసింది. అయినా నా పాడు బుర్ర ఊరుకోదు కదా, ఆరుకు ఎనిమిది కలిపి చూసింది. పప్పు ఆరు, రాగులు రెండు. లెక్క అచ్చంగా కుదిరింది. నేను అత్త కూలికి అక్షరం పెట్టడం మరిచిపోయాను, అంతే. ఆ సంతోషం ఎవరికీ చెప్పుకునేది కాదని నోరు మూసుకున్నాను.

అమ్మ తడిగుడ్డ తెచ్చి బండ మీది లెక్కంతా తుడిచేసింది. మా ఇంట్లోకి ఒకసారి తొంగిచూసి, నాయన లేడని తెలుసుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఆడ ఇంకొకరికి పనుండాదా వదినా?"