శనివారం మధ్యాహ్నపు సారు

మా కుమ్‌హెలిగ్ ఊరి రగ్బీ క్లబ్బులో టీ గదికీ, ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదికీ మధ్య ఉన్నదాన్ని గోడ అంటే గోడలు బాధపడతాయి. ఒట్టి చెక్క పలక. అందుకని ఇరవై రెండేళ్ళుగా శనివారం మధ్యాహ్నాలు రొట్టెలకు వెన్న రాస్తూ, ఆటకు ముందు రిఫరీలు ఏం చెబుతారో ఒక్క ముక్క పోకుండా విన్నాను. ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. కొందరు గుమ్మంలోనే నిలబడి శుభ్రంగా ఆడమని చెప్పి పోతారు. కొందరు జోకులు వేస్తారు, పాపం ఎవరూ నవ్వరు. ఇవోర్ ప్రోథెరోది మాత్రం పన్నెండు నిమిషాల ప్రసంగం. నాకూ, నాతో పనిచేసే నెస్టాకూ అది కంఠతా వచ్చు. అతను అటువైపు మొదలుపెడితే మేం ఇటువైపు పెదాలు కదిపేవాళ్ళం.

ఇవోర్‌ది మాకు మూడు మైళ్ళ దిగువన ఉన్న ఊరు. వారంలో ఐదు రోజులు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. రిఫరీ అన్నవాడు చెయ్యకూడని ఉద్యోగం ఏదైనా ఉంటే అది ఇదే. ముందు మీ దుకాణంలో నువ్వొక జత కొనుక్కోవయ్యా అని ప్రతి శనివారం ఎవరో ఒకరు గట్టు మీద నుంచి అరుస్తారు. అరిచినవాడికల్లా ఆ మాట తానే కనిపెట్టానని సంబరం. దుకాణంలో అతను మహా మెత్తని మనిషి. మా అత్త ఒకే కళ్ళజోడు నాలుగుసార్లు వెనక్కి పట్టుకెళ్తే నాలుగుసార్లూ తప్పు తనదేనన్నాడు.

అదే మనిషి మెడలో ఈల పడితే వేరే. ఆట రెండున్నరకైతే ఒంటిగంటకే వస్తాడు. నా దగ్గర పాలు లేని టీ తాగుతాడు. జోడు జోడుగా బూట్లు తిరగేసి, అడుగున ఉన్న మేకుల మీద బొటనవేలు నడిపి చూస్తాడు. ముందు కెప్టెన్లతో మాట్లాడతాడు. తర్వాత స్క్రమ్‌లో ముందు వరుసన నిలబడే ముగ్గురిని కూచోబెడతాడు. స్క్రమ్ అంటే రెండు జట్ల దున్నపోతులూ ఎనిమిదేసి మంది తలలు దూర్చుకుని తోసుకోవడం. మెడలు విరిగేది అక్కడే కాబట్టి ఎప్పుడు వంగాలో, ఎక్కడ పట్టుకోవాలో, ఎప్పుడు కలవాలో ముప్ఫై ఏళ్ళుగా అదే పని చేస్తున్నవాళ్ళకు కూడా మొదటినుంచీ చెబుతాడు. చివరికి గొంతు సవరించుకుని అసలు మాటకు వస్తాడు.

"నా పేరు ఇవోర్ అని మీ అందరికీ తెలుసు. ఎనభై నిమిషాలు దాన్ని మర్చిపోండి. నన్ను సార్ అనాలి. రెఫ్ అన్నా వినబడుతుంది. సార్ అంటే ఇంకాస్త బాగా వినబడుతుంది."

ఇది గర్వం కాదని అతని భార్య ఎలునెడ్ చెప్పింది. ఈల పట్టిన కొత్తలో ఒక ఆటలో అతని పెదనాన్న కొడుకే ఆడుతున్నాడట. ప్రతి నిర్ణయానికీ "ఒరే ఇవోర్, అదేంట్రా" అంటూ వెంటపడ్డాడట. ఆ "ఒరే" విని మిగతా ఇరవై తొమ్మిది మందీ చనువు తీసుకున్నారు. అరగంటలో ఆట కాస్తా కుమ్ములాటైంది, ఇద్దరికి పళ్ళు ఊడాయి. ఆ సోమవారం నుంచీ ఇవోర్ ఆ పన్నెండు నిమిషాలు కూర్చుకున్నాడు. ఎలునెడ్ మాత్రం శనివారం సాయంత్రం అతను ఇంటికెళ్ళగానే, "సార్, తమరు దయచేసి చెత్తడబ్బా బయట పెడతారా" అంటుంది. పెడతాడు.

సంగతి జరిగింది ఒక ఫిబ్రవరి నెలలో. మా రెండో జట్టుకీ పెండెరి ఊరివాళ్ళకీ ఆట. ఊళ్ళో జ్వరాలు. పొద్దున పదికల్లా మావాళ్ళలో ముందు వరుస వాళ్ళు ఇద్దరు మంచాన పడ్డారని కబురొచ్చింది. ముందు వరుసకు అలవాటున్న మనిషి లేకపోతే స్క్రమ్‌లో తోపులాట ఉండదు, ఊరికే ఆనుకుని నిలబడాలి. మా ఊళ్ళో దానికంటే పరువుతక్కువ పని లేదు. ఒకడిని పక్క వీధిలోంచి పట్టుకొచ్చారు. రెండోవాడి కోసం వెతుకుతుంటే, కుక్కను తిప్పుతూ హావార్డ్ మాస్టారు గేటు దగ్గర కనిపించారు.

ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. ఈ లోయలో యాభై దాటని ప్రతివాడికీ లెక్కలు చెప్పింది ఆయనే. వయసులో పేరున్న ఆటగాడు, ఇప్పటికీ పెద్దవాళ్ళ ఆటల్లో తల దూరుస్తూనే ఉన్నారు. అడగడమే తడవు, కుక్కను నాకప్పగించి లోపలికి నడిచారు. మెడ ఉండాల్సిన చోట ఆయనకు మెడ లేదు, భుజాల మీద నేరుగా తలకాయే.

ఇవోర్ వచ్చాడు, టీ తాగాడు, తలుపు తోసుకుని అటువైపు వెళ్ళాడు. మేం వెన్నకత్తులు పట్టుకుని సిద్ధంగా ఉన్నాం. బూట్ల సంగతి నడిచింది. ఆ తర్వాత మాట ఆగిపోయింది. పలకలో ఒక కన్నం ఉంది, నేను దాన్ని ఎప్పుడూ వాడనని అందరికీ చెబుతాను. అందులోంచి చూస్తే, మాస్టారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని బల్ల మీద కూచుని ఉన్నారు. ఆయన బూటు ఇవోర్ చేతిలో ఉంది. దాన్ని హోంవర్కు పుస్తకంలా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

స్క్రమ్ గురించి చెప్పాల్సింది సగం మింగేశాడు. ఆటలో తనతో కెప్టెనే మాట్లాడాలన్న ముక్క వదిలేశాడు. చివరికి "ఇకపోతే నన్ను..." అని ఆగాడు.

"ఏమని పిలవాలో చెప్పవోయ్ ఇవోర్, వింటాం" అన్నారు మాస్టారు. వెటకారమేం లేదు. క్లాసులో నీళ్ళు నమిలే పిల్లవాణ్ణి ముందుకు తోసినట్టే అన్నారు.

"మీకెలా అలవాటైతే అలా పిలవండి, సార్."

గది మొత్తం పగలబడి నవ్వింది. నెస్టా గడియారం చూసింది. నాలుగు నిమిషాలు.

మొదటి సగం ఎలా నడిచిందో చెప్పాలంటే నాకే మొహం చిన్నబోతుంది, మావాళ్ళే గెలుస్తున్నా సరే. మావాళ్ళు ఒక్కడు కూడా సార్ అనలేదు. ఇవోర్ అని ఒకడు, అబ్బాయ్ అని ఒకడు, మా కొసన పరిగెత్తే కుర్రాడైతే ఇవ్ అన్నాడు. మాస్టారు సంగతి సరేసరి. తొండి కూడా మహా నీటుగా చేస్తారు: ఎదుటివాడి చొక్కా చంక కింద పట్టుకుని, స్క్రమ్ కలిసిన క్షణంలో కిందికి లాగుతారు. వాడు బోర్లా పడతాడు, చూసేవాళ్ళకు వాడే కావాలని పడ్డట్టుంటుంది. నాలుగుసార్లు అలాగే. నాలుగుసార్లూ ఇవోర్‌కు కనబడిందని గట్టు మీది మాకు కూడా తెలుసు, చెవులు ఎర్రబడ్డాయి కాబట్టి. నాలుగోసారి ఈల ఊది, వంగి, "కొంచెం చూసుకోండి సార్" అన్నాడు.

అప్పుడు పెండెరి కెప్టెన్ వచ్చాడు. వాళ్ళ ఊళ్ళో బొగ్గులాంటి నల్ల గడ్డం అతనొక్కడిదే. పాపం ఆ రోజంతా మర్యాదగానే ఉన్నాడు.

"సార్, చిన్న మాట సార్. మేం మిమ్మల్ని సార్ అంటున్నాం. మీరు ఆయన్ని సార్ అంటున్నారు. మరి మా గోడు మీకు చెప్పుకోవాలా, ఆయనకే చెప్పుకోవాలా సార్?"

గట్టు మీద పెండెరి వాళ్ళు నవ్వలేదు. మావాళ్ళు నవ్వి, మధ్యలో ఆపేశారు.

సగం ఆట అయ్యాక నేను రిఫరీ గదికి నారింజ ముక్కలు పట్టుకెళ్ళాను. గది అంటే చీపుళ్ళు పెట్టుకునే చోటే, ఒక కుర్చీ వేశాం. ఇవోర్ అందులో తల వంచుకుని కూచున్నాడు. పెండెరి కుర్రాడి మెడ నాలుగుసార్లు నేలకు తగిలిందనీ, ఐదోసారి ఏమయ్యేదో తనకు తెలుసనీ అన్నాడు. తను పదకొండేళ్ళప్పుడు భిన్నాలు రాక బోర్డు దగ్గర ఏడిస్తే, ఆ మాస్టారు నెలరోజులు సాయంత్రాలు కూచోబెట్టి నేర్పారట. అద్దాల పనిలో రోజూ వాడేవి ఆ భిన్నాలేనట. ఆయన్ని చూస్తే నోట్లోంచి సార్ తప్ప ఇంకో మాట రావడం లేదన్నాడు.

నాకు గురువుల గురించి పెద్దగా తెలియదు. "ఆ పెండెరి పిల్లాడు రేపు నీ దుకాణానికి మెడకు పట్టీ వేసుకుని వస్తే, వాడికి కళ్ళజోడు ఎలా పెడతావో ఆలోచించుకో" అన్నాను. నారింజలు ముట్టకుండా లేచాడు.

ముందు పెండెరి గదికి వెళ్ళాడు, తర్వాత మావాళ్ళ గదికి. మేం పలక దగ్గరికి పరిగెత్తాం. "ఆటకు ముందు చెప్పాల్సింది చెప్పలేదు. తప్పు నాది. ఇప్పుడు చెబుతాను" అని మొదలుపెట్టాడు. బూట్లతో సహా మళ్ళీ మొత్తం చెప్పాడు. ఒక్క ముక్క వదల్లేదు. గట్టు మీద జనం చలికి కాళ్ళు నేలకేసి కొట్టుకుంటున్నారు, ఇద్దరు బారులోకి కూడా వెళ్ళిపోయారు. చివరి మాట కూడా చెప్పాడు. పేరు మర్చిపోమన్నాడు, సార్ అనమన్నాడు. "ఇది ఈ గదిలో అందరికీ వర్తిస్తుంది, మిస్టర్ హావార్డ్" అన్నాడు.

మాస్టారు చెయ్యెత్తారు. "సందేహం, సార్. చంక కింద పట్టుకోవచ్చా?"

"పట్టుకోవచ్చు. లాగకూడదు."

"అర్థమైంది, సార్."

అర్థమైంది కానీ ఆయన చెయ్యి మాట విన్నది ఆరు నిమిషాలే. ఏడో నిమిషంలో ఐదోసారి లాగారు. ఇవోర్ ఈల ఊది, జేబులోంచి పసుపు కార్డు తీసి, చెయ్యి పూర్తిగా చాచి పట్టుకున్నాడు. పది నిమిషాలు బయట కూచోవాలి. మాస్టారు కార్డు వంక చూశారు, బురద చేతులు నిక్కరుకు తుడుచుకున్నారు, "సరే, సార్" అని నా దగ్గరికి నడిచి వచ్చారు. కుక్క సంతోషంగా ఎగిరింది, ఆ సంతోషం దానికొక్కదానికే.

నేను దుప్పటీ, టీ ఇచ్చాను. కోపం వచ్చిందా అని అడగబోతే, ఆయన మైదానం వంకే చూస్తున్నారు. "నాలుగుసార్లు వదిలేశాడు, చూశావా ఒల్వెన్? వదిలేస్తున్నాడని తెలిసే నేనూ ఆగలేదు. సిగ్గుపడాల్సింది నేను" అన్నారు. కాసేపటికి లేచి, పది నిమిషాలైందని కేకేశారు. ఇంకా యాభై సెకన్లున్నాయని ఇవోర్ అటునుంచి చెప్పాడు. మాస్టారు కూచున్నారు. వీడికి లెక్కలు రావని ఒకప్పుడు ప్రోగ్రెస్ కార్డులో రాసింది తనేనని గొణిగారు.

ఆ పది నిమిషాల్లోనే పెండెరి వాళ్ళు మమ్మల్ని దాటేశారు. మూడు పాయింట్లతో ఓడిపోయాం. మావాళ్ళు కొందరు నెలరోజులు ఇవోర్‌తో మాట్లాడలేదు, మాట్లాడినప్పుడు సార్ అన్నారు.

ఆ సాయంత్రం బారులో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూచున్నారు. ఆట అయిపోయింది కదా, ఇకనుంచీ తనను గెరాల్ట్ అని పిలవమన్నారు మాస్టారు. ఇవోర్ బీరు ఒక గుక్క తాగి "గె" అన్నాడు. ఇంకో గుక్క తాగాడు. మూడో గుక్కకు గ్లాసు అయిపోయింది కానీ పేరు పూర్తికాలేదు. ఇప్పటికీ ఆయన్ని పిలవాల్సి వస్తే "ఇదుగోనండీ" అంటాడు. గది అవతల ఉంటే లేచి నడిచి వెళ్ళి భుజం తడతాడు.

మాస్టారు ఆ వేసవిలో ఆడడం మానేసి, రిఫరీల పాఠాలకు చేరారు. చెప్పేది ఇవోరే. ఆటకు ముందు మాట్లాడడం ఎలా అన్న పాఠంలో, ఏమని పిలిపించుకోవాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలని ఇవోర్ చెబితే, అందులో నిర్ణయించుకోవడానికేముంది, ముప్ఫై ఐదేళ్ళుగా నిర్ణయమయ్యే ఉందన్నారట మాస్టారు.

ఆయనకు దొరికిన మొదటి ఆట మా ఆడవాళ్ళ జట్టుది. దానికి కెప్టెన్ నెస్టా కూతురు కెరిస్, బస్సు డ్రైవరు, ఎక్కిన ముసలాళ్ళందరినీ ఒకే మాటతో పిలిచే పిల్ల. మాస్టారు గదిలోకెళ్ళి తొమ్మిది నిమిషాలు మాట్లాడి, తనను సార్ అనాలని చెప్పి, సందేహాలేమైనా ఉన్నాయా అని అడిగారు.

"ఏం లేవు బంగారం" అంది కెరిస్.

ఎనభై నిమిషాలూ అదే. బంగారం, అది మా బంతి కదా. బంగారం, ఆవిడ ముందే కదిలింది చూడు. మొదట రెండుసార్లు సరిదిద్దారు, మూడోసారికి పలికారు. ఇవోర్ ఆ రోజు ఆయనకు సాయంగా గీత పక్కన జెండా పట్టుకుని ఉన్నాడు. ఆట అయ్యాక టీ గదికి వచ్చి, పాలు లేని టీ పోయించుకుని, ముసలాయన ఈల బాగానే ఊదారనీ, స్క్రమ్‌లో చొక్కా లాగితే మాత్రం ఆయన కళ్ళ నుంచి ఎవరూ తప్పించుకోలేకపోయారనీ చెప్పాడు.