దూలాన్ని తాకని దన్ను

మా కోడలంత పిరికిదాన్ని నేను ఎక్కడా చూడలేదు. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా వెళ్లి కూడా వెనక్కి పరిగెత్తుకొస్తుంది. బస్సువాడు గట్టిగా బ్రేకు వేస్తే నా చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుంటుంది. అలాంటి పిల్లకు దొరికిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, మనుషులు ఎక్కి తిరిగే ఇనుప కట్టడాలను కంప్యూటర్లో గీయడం! నా కొడుకు అదే కంపెనీలో వెల్డరు. ఆమె గీస్తుంది, వీడు అతుకుతాడు. ఆఫీసులో ఆమె గీతలు, ఎండలో వీడి చెమటలు అని మా చుట్టాలు వేళాకోళం చేస్తుంటారు.

ఆమెకు ఆ పని అంత తేలిగ్గా ఏమీ పట్టుబడలేదు. కాగితం మీద గీసే రోజుల్లో పొడవూ వెడల్పూ చూసుకుంటే సరిపోయేది. కంప్యూటర్లోకి వచ్చేసరికి లోతు కూడా వచ్చి నెత్తిన పడింది. నేర్చుకునేటప్పుడు మొదట కుర్చీ చేయమన్నారట. ఎదురుగా చూస్తే కుర్చీ ముచ్చటగా ఉంది. నేర్పే మేడమ్ వచ్చి దాన్ని పక్కకు తిప్పితే, నాలుగు కాళ్లూ నాలుగు చోట్ల తేలుతున్నాయి. ఒక్కటీ పీటకు తగల్లేదు. క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్విందని తనే చెప్పి తనే నవ్వేది.

"తెర చదునుగా ఉంటుంది కదా అత్తయ్యా" అని ఒకసారి నాకు విడమరిచి చెప్పింది. "గీత చివరను ఒకచోట అంటించామనుకోండి, అది ముందున్న వస్తువుకు అంటుకుందో వెనకున్నదానికి అంటుకుందో ఎదురుగా చూస్తే తెలియదు. అందుకే గీసిందల్లా తిప్పి చూడాలి."

మొన్నొక సెలవురోజు మధ్యాహ్నం కూడా ఆమె లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. సెలవంటే ఆమెకు మాత్రమే. నా కొడుకు పనిలోకి వెళ్లాడు. నాకు పొద్దుపోక పక్కన చేరాను.

"పొద్దస్తమానం దాని మొహం చూస్తావు. అందులో ఏముందో నాకూ చూపించవే" అన్నాను.

"రండి, మీ అబ్బాయి కట్టింది చూపిస్తాను" అని ఒక బొమ్మ తెరిచింది. నాలుగు ఇనుప స్తంభాలు, పైన దూలాలు, దూలాల మీద పెద్ద నీళ్ల ట్యాంకు, ఒక మూల పైకెక్కే నిచ్చెన. ఒక్కో స్తంభం మధ్యనుంచి పై దూలానికి ఏటవాలుగా ఒక దన్ను ఉంది. "కట్టడం అయిపోయింది. ఇవాళే మొదటిసారి నీళ్లు నింపుతున్నారు" అంది.

మూలనున్న మూడు బాణాలు చూపించింది. ఎర్రది పక్కకు, ఆకుపచ్చది లోపలికి, నీలంది పైకి. మౌసు చక్రం నొక్కిపట్టి జరిపితే బొమ్మంతా తిరుగుతుందని చెప్పింది. నా చేతికి మౌసు ఇవ్వడమే ఆలస్యం, ట్యాంకును తలకిందులు చేశాను. పడుకోబెట్టాను. అడుగునుంచి చూశాను. మా కోడలు పడీ పడీ నవ్వుతోంది.

"ఇదేంటే, ఈ మూలనున్న దన్ను దూలానికి ఆనలేదు?" అన్నాను.

"మీరు తిప్పిన తిప్పుడుకు అలా కనిపిస్తుంది లెండి" అంటూ మౌసు తీసుకుంది. ఎదురుగా తిప్పితే దన్ను దూలానికి అంటుకునే ఉంది. పక్కకు తిప్పితే రెంటికీ మధ్య నా వేలు పట్టేంత సందు. మళ్లీ ఎదురుగా తిప్పింది. మళ్లీ పక్కకు తిప్పింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ దన్ను గీసిన రోజు మేనేజరు వెనకే నిలబడి తొందరపెట్టాడట. ఎదుటినుంచి చూస్తూ, దూలం అంచే అనుకుని దన్ను కొసను దానికి ముందున్న నిచ్చెన చట్రానికి అంటించేసింది. తిప్పి చూసుకోలేదు. ఆ కొలతలకే ఇనుము కోశారు.

"కట్టేవాళ్లకు ఆ సందు కనబడదా?" అని అడిగాను.

"కనబడుతుంది అత్తయ్యా. కనబడ్డా నాదాకా రాలేదంటే, ఏదో ముక్క పెట్టి అతికేసి ఉంటారు. ట్యాంకు నిండితే ఆ బరువు ఆ ముక్కను వంచేస్తుంది. ఒక మూల కుంగితే మొత్తం పడిపోతుంది."

నా కొడుక్కి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. అక్కడ ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. ఆఫీసులో ఎత్తే దిక్కు లేదు. ఇద్దరం కట్టుబట్టలతో ఆటో ఎక్కాం.

ఆమె భయపడటం మాకు కొత్త కాదు. భయమేస్తే వాగుతుంది, నా చెయ్యి పిసుకుతుంది. ఆ రోజు ఆటోలో ఉలుకూ పలుకూ లేదు, నన్ను ముట్టుకోనైనా లేదు. వాడు కింద ఉన్నాడో పైన ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో అని నా మనసు పోకూడని చోట్లకల్లా పోయింది.

మేం వెళ్లేసరికి మోటారు నడుస్తోంది. గొట్టంలోంచి నీళ్లు ట్యాంకులో పడుతున్న చప్పుడు గేటు దాకా వినిపిస్తోంది. ఇంజినీరూ, ఇద్దరు కూలీలూ దూరంగా నిలబడి ఉన్నారు. నా కొడుకు మాత్రం సరిగ్గా ఆ మూల స్తంభం పక్కనే ఉన్నాడు. వాడి తలకు పైన ఎత్తులో, దన్నుకూ దూలానికీ మధ్య, వంచిన రేకుముక్క ఒకటి ఉంది. కొత్త రంగు వేసి ఉంది.

వాడు మమ్మల్ని చూశాడు. పెళ్లాం ఎటు చూస్తోందో కూడా చూశాడు. వద్దన్నట్టు కళ్లతోనే సైగ చేశాడు.

"మోటారు ఆపించండి సార్! నా డ్రాయింగు తప్పు. ఆ దన్ను దూలానికి తగలదు" అని ఆమె అరిచింది.

"తగులుతోంది సార్, నేను చూసుకున్నాను. మా ఆవిడకు ప్రతిదానికీ భయమే, మీకు తెలుసుగా" అన్నాడు నా కొడుకు.

ఇంజినీరుకు తెలుసు. అందుకే నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండిపోయింది. పైన నీళ్లు పడుతూనే ఉన్నాయి.

బస్సు బ్రేకుకు వణికే పిల్ల నేరుగా ఆ ట్యాంకు కిందికి నడిచి, వాడి చొక్కా పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చింది. వాడు విడిపించుకోబోతే రెండో చేత్తో జుట్టు పట్టుకుంది. ఇంజినీరు నవ్వు ఆగిపోయింది. పరుగున వెళ్లి మోటారు ఆపాడు.

తర్వాత దూరంనుంచే టార్చి వేసి చూశారు. రేకుముక్క వంగిపోయి ఉంది. అతుకు పొడవునా రంగు పెచ్చులూడి, సన్నటి నల్లటి పగులు కనిపించింది. ఇంజినీరు దూరంగా ఉన్న వాల్వు తిప్పించి, ట్యాంకు అడుగు గొట్టంలోంచి నీళ్లన్నీ వదిలేయించాడు. ఆ నీళ్లు మా చెప్పుల కిందుగా పారి నేలంతా బురదైంది.

"ఎందుకు చెప్పలేదు?" అని వాడిని అడిగింది మా కోడలు.

"చెబితే నీకు మాట వస్తుంది. ఉద్యోగం పోయినా పోతుంది. అతికితే సరిపోతుందనుకున్నాను."

అంతవరకూ మొగుణ్ని మీరు అనడమే తప్ప నువ్వు అని ఎరగదు ఆ పిల్ల. "సరిపోతుందనుకున్నవాడివి దూరంగా ఉండొచ్చుగా? నువ్వొక్కడివే దాని కింద ఎందుకు నిలబడ్డావు?" అంది.

వాడు తలెత్తలేదు. "నీళ్లు పడటం మొదలయ్యాక రేకు చిన్నగా చప్పుడు చేసింది. చెప్పడానికి నోరు రాలేదు. అప్పటికి కూలీలు అటూ ఇటూ తిరుగుతున్నారు. అక్కడ నేను నిలబడితే, పని చేస్తున్నాననుకుని ఇంకెవరూ రారని" అన్నాడు.

ఆ మాటకు మా కోడలు ఆ బురదలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. వాణ్ని కన్నదాన్ని నేను. కొట్టాలో, కావలించుకోవాలో తెలియక, వాడి చొక్కా అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.