బాపుకు వండిన ఉప్పు లేని కూర

ఈ రోజు బాపు పేరున పిట్టకు పెట్టాం. ఆయన పోయి ఐదు రోజులు. ఇష్టంగా తిన్నవన్నీ వండి కాకుల ముందు పెట్టాలి కదా, మటన్ కూర నేనే వండుతానని పట్టుబట్టాను.

ఏడాదిగా ఆయన వంట నాదే మరి. కిడ్నీలు దెబ్బతిన్నాయని వరంగల్ దవాఖానలో చెప్పినప్పటి నుంచి ఫోన్‌లో వెతకడమే నా పని. ఉప్పు తక్కువుండాలి, పొటాషియం తక్కువుండాలి, రుచి మాత్రం పోకూడదు. "జర ఉప్పెయ్యి బిడ్డా, ఒక్క పూటకేం గాదు" అని బాపు రోజూ బతిమాలేవాడు. నేను ఉప్పుకు బదులు నిమ్మకాయ పిండేదాన్ని.

మిద్దె మీద విస్తరి పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకులు గోడ మీద వాలాయి గానీ ఒక్కటీ ముట్టలేదు. ఆయనకేదో కోరిక మిగిలిందన్నారు చుట్టాలు. మేనత్తకు అనుమానమొచ్చి గిన్నెలోని కూర కొంచెం నాలుక మీద వేసుకుంది.

"ఉప్పెయ్యలేదా బిడ్డా?"

"అలవాటుల మర్సిన అత్తమ్మా."

"మా అన్నకు ఇంకేం పత్యమే!" అంటూ నన్ను పట్టుకుని ఏడ్చింది.

ఉప్పు కలిపి మళ్లీ వడ్డించాం. కాకి వచ్చింది. అందరూ దండం పెట్టుకున్నారు. నేను ఉప్పు డబ్బా పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

ఉప్పు లేని వంటలు నా ఫోన్‌లో బోలెడున్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా అవసరమైతే అడగండి, అన్నీ పంపిస్తాను. బాపు మాత్రం ఒక్కటీ బాగుందనలేదు.