సారు ముందుగదిలో కోర్టు

సారు పోయారన్న కబురు ఆదివారం పొద్దున వచ్చింది. దుకాణం షట్టరు సగం ఎత్తి, తెరవాలా వద్దా అని ఆలోచిస్తుంటే వాళ్ళ అల్లుడు ఫోను చేశాడు. రెండో విడత కరోనా సూరత్‌ను వణికిస్తున్న రోజులు. ఆసుపత్రికి ఎవరినీ రానివ్వలేదు, శ్మశానానికి అల్లుడొక్కడే వెళ్ళాడు. మేముండే భేస్తాన్‌లో ఏ వీధిలో చూసినా ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళం ఉంటాం. ఒక్కరమూ చివరిచూపుకు నోచుకోలేదు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

అంతకు కొద్దిరోజుల ముందు ఆసుపత్రి నుంచి ఆయనే మాట్లాడారు. మాటకీ మాటకీ మధ్య ఆయాసం. ఎలా ఉన్నారని నేనడిగేలోపే, "మల్లేశం కేసు లింకు అచ్చిందా బిడ్డా?" అన్నారు. రాలేదన్నాను. "అస్తె సూసుకో" అని పెట్టేశారు. నాతో ఆయన చివరి మాట అదే.

సారు ఇక్కడి మున్సిపాలిటీ తెలుగు మీడియం బడిలో మాకు పాఠాలు చెప్పారు. కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్ళ పిల్లలమే మేమంతా. క్లాసులో ఆఁ, ఊఁ అంటే ఊరుకునేవారు కాదు. "నిండుగ చెప్పు" అనేవారు. దాహమైతే "సార్, నాకు దాహమవుతున్నది, నీళ్ళు తాగి వస్తాను" అని మొత్తం అప్పజెప్పాలి. అది పూర్తయ్యేసరికి కొందరికి దాహం తీరిపోయేది. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. కూరగాయల బండివాడితోనూ నిండుగ చెప్పించేవారు.

సెల్‌ఫోనంటే ఆయనకు గిట్టేది కాదు. అలాంటి మనిషి ఇంట్లోకి కోర్టు ఫోను ద్వారానే వచ్చిందంటే, దానికి కారణం మల్లేశం అన్న.

మల్లేశం అన్న కూడా సారు విద్యార్థే, నాకంటే పెద్దవాడు. బడి మానేసినప్పటి నుంచీ మరమగ్గాల మీదే పని. భార్యతో గొడవలు ముదిరి, ఆమె కూతురు శ్రావణిని తీసుకుని సూరత్ అవతల పల్సానాలో అన్నగారింటికి వెళ్ళిపోయింది. తప్పు ఇద్దరిదీ అనేవారు సారు. బిడ్డను వారానికొకసారైనా చూడనివ్వమని మల్లేశం అన్న కుటుంబ కోర్టులో అర్జీ పెట్టుకున్నాడు. వకీలు లేడు, అవతల ఆమెకూ లేడు. ఇంతలో లాక్‌డౌన్ వచ్చి కోర్టు మూతపడింది. కొన్నాళ్ళకు ఫోనుకు లింకు పంపి, వీడియోలో విచారణ అన్నారు.

ఆ లింకును మల్లేశం అన్న నా జెరాక్స్ దుకాణంలో ప్రింటు తీయించుకున్నాడు. "అన్నా, ఇది కాగితం కాదు, ఫోన్లో నొక్కాలె" అన్నాను. తల ఊపాడు. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ కాగితం పట్టుకుని కోర్టు గేటు దగ్గరికి పోయాడు. కాపలావాళ్ళు వెనక్కి పంపారు. అతను బయట నిలబడి ఉండగానే లోపల వాయిదా పడిపోయింది.

విషయం తెలిసి సారు నా మీద విరుచుకుపడ్డారు. "ఫోన్ల మనకు కోర్టు కనవడ్తదట. కోర్టుకు మనం కనవడాలె గదా!" అన్నారు. కోపం దిగాక కుర్చీ తెచ్చి ముందుగదిలో గోడకు ఆనించి వేశారు. నేను ఫోనుకు స్టాండు, ఇంటర్నెట్టు చూసుకునేలా మాట్లాడుకున్నాం. మెల్లగా వీధిలో కేసులున్న వాళ్ళంతా ఆ కుర్చీలోనే కూర్చున్నారు. జడ్జి కనిపించగానే గౌరవంగా లేచి నిలబడేవారు, అవతలివాళ్ళకు వాళ్ళ పొట్టలు కనిపించేవి. కూర్చోబెట్టలేక నా ప్రాణం పోయేది. విచారణకు ముందు ప్రతి ఒక్కరి ఫోనునూ సారు తన తువ్వాలు కొసతో తుడిచి ఇచ్చేవారు. ఏం చెప్పాలని అడిగితే ఆయన జవాబు ఒకటే. "చెప్పేది నువ్వే. నేను కుర్సీ ఏసిన, గంతే."

ఆ మాట ఆయనే తప్పింది మల్లేశం అన్న విషయంలో. ఈసారి వాయిదా పోగొట్టుకోకూడదని వారమంతా పిలిపించి, చెప్పాల్సిందంతా బట్టీ పట్టించారు. ఎదురుగా కూర్చుని ఆయన అడుగుతుంటే మల్లేశం అన్న తడుముకోకుండా చెప్పాడు, నిండుగా.

విచారణ రోజున జడ్జి మేడం మాస్కు పెట్టుకుని తెరమీదికి వచ్చారు. రెండో గడిలో భార్య, ఆమె అన్న, శ్రావణి. మేడం హిందీలో ఏదో అడిగారు. మల్లేశం అన్న "ఆఁ?" అని అరిచాడు. మళ్ళీ అడిగారు. "ఆఁ?" అవతలి గడిలోంచి భార్య అన్న హిందీలో అందుకున్నాడు. "సూడుండ్రి మేడం, కోర్టు ముంగటనే గిట్ల ఒర్రుతుండు. పిల్ల భయపడదా?" మేడం మూడోసారి, బిడ్డ ఏ తరగతి చదువుతోందని అడిగారు. మల్లేశం అన్న బట్టీ పట్టిందంతా మొదటి నుంచి అప్పజెప్పాడు, గది అదిరిపోయేలా. తరగతి మాట అందులో లేదు.

కూతురి తరగతి కూడా తెలియని తండ్రి అనుకున్నారేమో, మేడం ఏదో రాసుకుంటున్నారు. సారు ఆగలేకపోయారు. ఫోనుకు కనబడకుండా మూలన నిలబడి, గొంతు బయటికి రాకుండా పెదాలు కదిపారు, ఆరు, ఆరు అని. మల్లేశం అన్న కళ్ళు అటు తిరిగాయి. "ఛట్టీ!" అని హిందీలో అరిచాడు.

మేడం పెన్ను ఆపారు. "ఎవరున్నారక్కడ?"

సారు తువ్వాలు సర్దుకుని వచ్చి ఫోను ముందు చేతులు కట్టుకున్నారు. అరవై దాటిన మనిషి. "చిన్నప్పుడు నేనే చదువు చెప్పాను మేడం. జవాబు అందించాను. తప్పు నాది, అతనిది కాదు" అన్నారు హిందీలో. మేడం గట్టిగానే మందలించారు. సారు తలవంచుకుని మాటపడ్డారు. అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఆమె, "నేను మూడుసార్లు అడిగితే వినబడలేదు. మీరు చప్పుడు లేకుండా చెబితే ఎలా తెలిసింది?" అన్నారు.

సారుకు అప్పుడే తట్టినట్టుంది. నాకూ అంతే. అవతలి గడిలోంచి మల్లేశం అన్న భార్య మాట్లాడింది.

"ఆయనకు ఇనవడది మేడం. మగ్గాల చప్పుడుకు చెవులు పోయినయ్. మూతి సూసి తెలుసుకుంటడు. ఇంట్ల గూడ గట్లనే ఒర్రుతడు, అది కోపం కాదు." వాళ్ళన్న మోచేత్తో పొడిచాడు. ఆమె లెక్కచేయలేదు. "ఉన్నదే చెప్తున్న" అని అదే మాట మేడానికి హిందీలో చెప్పింది.

మేడం తన గదిలో ఒక్కరే ఉన్నారు. మాస్కు తీసి పక్కన పెట్టి, కెమెరాకు దగ్గరగా జరిగి, మెల్లగా అడిగారు. మల్లేశం అన్న ఆమె ముఖంలోకి చూసి జవాబులు మొదలుపెట్టాడు. బిడ్డ ఆరో తరగతి. గుజరాతీ బాగా రాస్తుంది, లెక్కలంటే ఏడుపు. వంకాయ తినదు, పెడితే పళ్ళెం కిందే దాస్తుంది. ఇవేవీ సారు నేర్పినవి కావు. అరుస్తూనే చెప్పాడు. శ్రావణి తల్లి భుజం చాటున నవ్వడం మాకు కనిపించింది.

తుది ఉత్తర్వు వచ్చేదాకా ఆదివారాలు వీడియోలో మాట్లాడుకోమన్నారు. ఆ సాయంత్రం సారు చాయ్ తాగుతూ, "నేనే వాని నోరు కట్టేసిన బిడ్డా" అన్నారు. అటుపైన ఎవరికీ ఏదీ బట్టీ పట్టించలేదు. కూర్చోబెట్టి, వాళ్ళ మాట వాళ్ళతో ఒకసారి చెప్పించుకుని, ఊరుకునేవారు. ఊరుకోవడం ఆయనకెంత కష్టమో నాకు తెలుసు. ఆ వయసులో నేర్చుకున్నారు. ఆయన చెప్పిన పాఠాలన్నిటికంటే నాకు అదే ఎక్కువ గుర్తు.

ఆయన పోయాక లింకు వచ్చింది. సారు వాళ్ళావిడ ముందుగది తలుపు తీసి, కుర్చీ దుమ్ము దులిపి లోపలికి వెళ్ళింది. మల్లేశం అన్న కూర్చున్నాడు. మూలన ఎవరూ లేరు. ఆంక్షలు సడలగానే ప్రతి ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బిడ్డ తండ్రి దగ్గర ఉండొచ్చని మేడం చెప్పారు.

మొదటి ఆదివారం నేను దుకాణం మెట్ల మీద ఉన్నాను. బస్సు దిగి తండ్రీకూతుళ్ళు వీధిలోకి వచ్చారు. ఇద్దరికీ మాస్కులున్నాయి. కొంత దూరం మాటల్లేకుండా నడిచారు. తర్వాత శ్రావణి మాస్కు గడ్డం కిందికి లాక్కుంది. తండ్రి కంటే నాలుగడుగులు ముందుకు పరుగెత్తి, అతని వైపు తిరిగి, తన ముఖం కనబడేలా వెనక్కి వెనక్కి నడుస్తూ, వీధి చివరిదాకా కబుర్లు చెబుతూనే ఉంది.