రాతి ముఖం మీద తెల్ల చొక్కా

మా బావది ముఖం కడిగే ఉద్యోగం. ఒక్కటే ముఖం, ముప్పై ఏళ్లు. కొండ నిలువునా చెక్కిన ఆ రాతి ముఖాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. దాని ముక్కులో మొలిచిన గడ్డి పీకి, కనురెప్పల మీద పిట్టల రెట్టలు గీకేది మాత్రం నడుముకు తాడు కట్టుకున్న మా బావ. జనం రాకముందే, తొమ్మిదింటికల్లా పైకి వచ్చేయాలని ఆఫీసు రూలు. ముఖం మీద మనిషి కనపడకూడదట. అందుకే బట్టలు కూడా రాతి రంగువే ఇచ్చేవాళ్లు.

అక్క ఒక్కసారీ ఆ కొండ దగ్గరికి వెళ్లలేదు. ఆయన వేలాడుతుంటే చూసే గుండె తనకు లేదంది. తీరా ఆయన ఉద్యోగం ముగిసే వారంలో నన్ను పిలిపించింది.

"ఎదురుగా చూడలేను గానీ ఫొటోలో అయితే చూస్తానురా. ముప్పై ఏళ్లు ఈ మనిషి ఎక్కడికెళ్లి వస్తున్నాడో తెలియకుండానే అన్నం పెట్టాను."

మా ఆఫీసులో ఒకాయన్ని బతిమాలి కెమెరా సంపాదించాను. స్పష్టంగా కనపడాలని ఆ చివరి రోజు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుంటానన్నాడు బావ. సూపర్‌వైజర్ని అడిగి తొమ్మిదిన్నర దాకా అనుమతి కూడా తెచ్చుకున్నాడు.

నా బస్సు ఆలస్యమైంది. తొమ్మిదిన్నర కావస్తుండగా చేరేసరికి ఇసుక వేస్తే రాలనంత జనం. ఛీ, అదేం చోటండీ బాబూ! కమ్మీ పట్టుకుంటే ఎవడో నమిలి అంటించిన చూయింగ్ గమ్ చేతికి సాగింది. ఎటు తిరిగినా మరుగుదొడ్ల కంపు. ఒకడు రాతి ముక్కులో వేలు పెట్టినట్టు ఫొటో దిగుతుంటే, వాడి పెళ్లాం పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. ఆ ముక్కులో నిజంగా చెయ్యి పెట్టి శుభ్రం చేసే మనిషి అక్కడే ఉన్నాడు, ఎడమ ముక్కుపుటం కింద, గోరంత తెల్ల చొక్కాతో. కెమెరా ఎత్తాను.

"ఎవడండీ ఆ పైనున్న దరిద్రుడు? ఫొటోలన్నీ పాడు చేస్తున్నాడు," అన్నాడు నా పక్కనున్న టోపీ పెద్దమనిషి.

మరో నలుగురు గొంతు కలిపారు. ఒకడు ఈల వేశాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన మా బావ అని చెప్పొచ్చు కదా? నోరు పెగల్లేదు సరికదా, టోపీ ఆయన వైపు తిరిగి ఒక వెర్రి నవ్వు నవ్వాను. ఆ కంపు మీదా, ఆ జనం మీదా పుట్టిన రోతంతా కలిపినా, ఆ నవ్వు తలుచుకుంటే పుట్టే రోతకు సరిపోదు. ఒక్క ఫొటో తీశాను. రెండోది తీసేలోగా బావని పైకి లాగేశారు.

కొండ కింద బజారులో ఒక స్టూడియోలో రీలు ఇచ్చి, సాయంత్రానికి పెద్ద సైజులో కడిగిమ్మన్నాను. అందులో ఉన్నదెవరో చెప్పలేదు. చూస్తే తెలియదా అనుకున్నాను.

సాయంత్రం స్టూడియో ఆయన ఫొటో నా చేతిలో పెట్టి గర్వంగా నిలబడ్డాడు. "ముక్కు కింద తెల్ల మచ్చ పడిందండీ. కొండ గీకేవాడెవడో అడ్డమొచ్చాడు. నెగెటివ్ మీదే గీకేశాను. ఇక ఎన్ని కాపీలు తీసినా కనపడడు."

కొండ ఫొటో ఏదొచ్చినా అలా మచ్చలు తీసి ఇవ్వడం ఆ బజారులో మర్యాదట. అడగక్కర్లేదట. నోటికొచ్చినట్టు తిట్టాను. పొద్దున ఈ నోరు ఏమైపోయిందో మరి.

ఇంటికెళ్లేసరికి అక్క కళ్లజోడు తుడుచుకుని సిద్ధంగా ఉంది. ఫొటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పింది. "ఎక్కడరా?" అంది. జరిగిందంతా చెప్పాను, నా నవ్వుతో సహా. ఆ మాట దగ్గర బావ ఒకసారి నా వైపు చూశాడు. జేబులోంచి పెన్ను తీసి, ఎడమ ముక్కుపుటం కింద ఆవగింజంత చుక్క పెట్టి, ఫొటో అక్కకు ఇచ్చాడు.

అక్క ఆ చుక్క మీద వేలు పెట్టి, అక్కణ్ణుంచి మెల్లగా కిందికి జరిపింది. పెదవులు దాటింది, గడ్డం దాటింది, నేల ఇంకా రాలేదు. కొండ పాదం దగ్గర వేలు ఆగింది.

"ఇంత పైనా మీరుండేది?" అంది.

రెండో చేత్తో ఆయన తెల్ల చొక్కా కొస పట్టుకుంది. అన్నం చల్లారిపోయినా వదల్లేదు.