భూమేష్ చేతి చెమట

భూమేష్ చేతి చెమట తగిలితే ఇనుము కూడా కుళ్ళిపోతుందని మా కాంపౌండులో చెప్పుకున్నారు. ఏసీ సర్వీసుకు వచ్చిన రోజు అతను మా ఉదయ్‌కిరణ్ సారు గిటారును ఒక్కసారి పట్టుకున్నాడట. మూడు వారాల్లో కొత్త తీగలు నల్లబడి, తెలుగువాళ్ళ గెట్‌టుగెదర్‌లో అందరి ముందూ ఒకటి ఫట్‌మని తెగి సారు చెంపకు తగిలిందట. ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఈ కబురు రెండు రోజులు తిరిగింది. చివరికి అతను ముట్టుకున్న తలుపు గొళ్ళేన్ని టిష్యూతో తుడిచే దాకా పోయింది.

భూమేష్‌ది కోరుట్ల దగ్గర పల్లె. సౌదీలో ధహ్రాన్ పక్కన ఉన్న ఈ కాంపౌండులో తొమ్మిదేళ్ళుగా ఏసీలు బాగుచేస్తున్నాడు. పనివాళ్ళ క్యాంపు గదిలో పై మంచం మీద ఉండే ఫిలిప్పీన్స్ అతను ఫైనల్ ఎగ్జిట్ మీద, ఉద్యోగం ముగించుకుని తన దేశానికి వెళ్ళిపోతూ తన పాత గిటారు ఇతనికి ఇచ్చాడు. వాయించడం నేర్పింది కూడా అతనే. వాయించే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలని, వాయించాక పొడి గుడ్డతో ఒక్కో తీగనూ పైనా కిందా తుడవాలని అతనే చెప్పాడట. శుక్రవారం మధ్యాహ్నాలు లాండ్రీ గది వెనక నీడలో భూమేష్ వాయించుకునేవాడు. బట్టలు ఆరేస్తూ నేను చూసేదాన్ని. చినిగిన బనియన్ ముక్కతో అతను తీగలు తుడుస్తుంటే, బాలింత పసిబిడ్డ ఒళ్ళు తుడిచినట్టే ఉండేది.

మా సారు సంగతి వేరు. నేను వాళ్ళ పాపను చూసుకుంటాను, ఇల్లు తుడుస్తాను, గిటారూ నేనే తుడుస్తాను. సారు సోఫాలో కూర్చుని, పక్కన కారబ్బూందీ గిన్నె పెట్టుకుని వాయిస్తారు. గుప్పెడు నోట్లో వేసుకుని అవే వేళ్ళు తీగల మీద పెడతారు. ఆవకాయ అన్నం తిన్న చేతిని నాక్కుని మళ్ళీ గిటారు అందుకోవడం నా కళ్ళతో చూశాను. తుమ్ము వస్తే అడ్డం పెట్టేదీ ఆ చెయ్యే. దగ్గరికి వెళ్తే, రెండు రోజులు కడగని టిఫిన్ డబ్బా మూత తీసినట్టు ఉంటుంది.

దాని మీద మళ్ళీ నూనె. సముద్రపు గాలికి తీగలు తుప్పు పడతాయని, దోసె పెనానికి రాసినట్టు వాటికి కొబ్బరి నూనె రాయమన్నారు సారు భార్య శ్రీలేఖ మేడం. ప్రతి గురువారం దూదితో రాశాను. రెండో వారానికే ముక్కిపోయిన కంపు మొదలైంది. కిటికీలోంచి వచ్చిన ఇసుక దుమ్మంతా ఆ జిగటకు అంటుకుంది. తుడిస్తే గుడ్డ తీగకు అతుక్కునేది. ఆ గుడ్డను మిగతా గుడ్డలతో కలిపి ఉతకడానికి కూడా నాకు మనసొప్పలేదు.

తీగ తెగిన మూడో రోజు, మేడం మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ మౌలా సాహెబ్‌ను ఇంటికి పిలిపించారు. భూమేష్ గేటు పాస్ రద్దు చేయమని ఆమె కోరిక. మౌలా సాహెబ్ అతన్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. తలుపు తీసిన నాతో భూమేష్ మెల్లగా అన్నాడు. "పాస్ పోతే ఎడారి సైటుకు తోలుతరు చెల్లె. ఆడ ఒక్కొక్క కంటైనర్ల పన్నెండు మంది. మనిషికే జాగుండదు, ఇగ గిటార్ ఏడ పెట్టుకుంట? ఎవలికన్న ఇచ్చుడే."

లోపల మేడం ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. "బ్రాండ్ న్యూ స్ట్రింగ్స్ అండీ. ఇతను టచ్ చేశాడు, అంతే, మొత్తం స్పాయిల్ అయిపోయాయి."

"క్యా రే భూమేష్, నీ చేతుల ఆసిడ్ ఉందా ఏంది?" అన్నాడు మౌలా సాహెబ్.

"ఉంటే మంచిగుండు సాబ్. క్యాంపు లెట్రిన్లకు ఆసిడ్ కొనే పని తప్పుతుండె."

మౌలా సాహెబ్ నవ్వు ఆపుకున్నాడు. మేడం నవ్వలేదు.

"ఎవలు ముట్టిండ్రో తర్వాత సూద్దాం. ముందుగాల తీగె సూడుండ్రి," అంటూ భూమేష్ వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు. వెంటనే ఆ కుళాయి తుడవమని మేడం నాకు సైగ చేశారు. నేను కదలలేదు.

అతను తెల్ల టిష్యూ ఒకటి మడిచి, లావు తీగ కిందికి పోనిచ్చి లాగాడు. నల్లటి ముద్ద వచ్చింది, మధ్యలో పసుపు చార. వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.

"థూ! కొబ్బరి నూనె గదా ఇది! లావు తీగె మీద సన్న తీగె చుట్టి ఉంటది సాబ్. ఆ సందులల్లకు నూనె పోతే మల్ల బయటికి రాదు. దుమ్ము, చచ్చిన తోలు, తిన్న ఎంగిలి, అంత అండ్లనే నాని కుళ్ళుతది. గందుకే మోగదు, దబ్ దబ్ అంటది. తెగిన తీగె ఇగో, కింద తీగె ఆనే బ్రిడ్జి కాడ తుప్పు. చెమట ఉప్పు తుడవకుండ పైన నూనె రాస్తే ఉప్పు ఏడికి పోతది?"

తీగలు వదులు చేసి పక్కకు జరిపాడు. గిటారు మెడ మీది ఇనప మెట్ల వెంట గట్టిపడిన మట్టిరంగు మురికి, అందులో ఇరుక్కుని మెత్తబడిన బూందీ పలుకు, ఒక ఆవగింజ. మౌలా సాహెబ్ "తౌబా" అని రెండడుగులు వెనక్కి వేశాడు.

"గిటారుకు ఎవరైనా నూనె రాస్తారా? ఇతనే ఏదో పూసి ఉంటాడు," అన్నారు మేడం.

ఆ మాట ఆ మురికి కంటే రోతగా తోచింది. వంటింట్లోకి వెళ్ళి నూనె సీసా తెచ్చి టీపాయ్ మీద పెట్టాను.

"నేనే రాశాను. ప్రతి గురువారం. మేడం చెప్పారు."

మౌలా సాహెబ్ సీసా ఎత్తి వాసన చూశాడు. తర్వాత టోపీ సర్దుకున్నాడు. "పాస్ క్యాన్సిల్ చేయాలంటే ఈ సీసాదే చేయాలి మేడం. చల్ రే భూమేష్, పద, పని చూస్కో."

పాస్ ఉండిపోయింది. మేడం వారం రోజులు నాతో పాప ద్వారానే మాట్లాడారు. సారు కొత్త తీగలు తెప్పించుకున్నారు, మొదటి సాయంత్రమే పక్కన జంతికల పళ్ళెం. నూనె సంగతి గ్రూపులో ఎవరూ రాయలేదు. భూమేష్‌కు ఏసీ రిమోట్‌ను టిష్యూలో చుట్టి ఇచ్చేవాళ్ళు ఇప్పటికీ ఇద్దరు ముగ్గురున్నారు.

ఏసీ సర్వీసు చేసిన రోజు భూమేష్ ఆ గిటారును ముట్టుకోనే లేదు. ఏసీలోంచి నీళ్ళు కారుతున్నాయని దాన్ని అక్కణ్ణుంచి తీసి పక్క గదిలో పెట్టింది నేను.